కొండమీది గాలి – టర్బో కారు – నా తప్పు లెక్క

(బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి, గణిత – భౌతిక – రసాయన శాస్త్రములు)

2023 సెప్టెంబరులో, నేను ఈ కళాశాలలో చేరిన కొత్తల్లో, ఒకనాటి ఉదయం మెస్సులో ఇడ్లీ తింటూండగా మా అన్నయ్య దగ్గరనుంచి వాట్సాప్‌లో కబురు వచ్చింది. అన్నయ్యంటే సొంత అన్నయ్య కాదు, మా పెదనాన్నగారి అబ్బాయి. అప్పట్లో అమెరికాలోని డెన్వర్ నగరంలో ఉద్యోగం చేస్తుండేవాడు. పంట డబ్బు సమయానికి చేతికి రాని ఏడు నా హాస్టల్ ఫీజు కట్టేది ఆయనే.

"ఒరేయ్, మన కారు పన్నెండు సెకన్ల కారయిందిరా! లెక్క సరిచూసి చెప్పు. నువ్వు ఫిజిక్సు కదా!" అని ఆ కబురు.

సంగతేమిటంటే, ఆయన దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్న రెండు లీటర్ల టర్బో ఇంజను కారు ఒకటి ఉంది. దాన్ని ఊరి పక్కనున్న డ్రాగ్ పందెపు బాటమీద పరుగెత్తించాడు. పావు మైలు దూరానికి 13.90 సెకన్లు పట్టింది. అక్కడే ఉన్న స్నేహితుడెవరో, "ఇది కొండ ప్రాంతం, గాలి పల్చన. సముద్రమట్టం దగ్గరయితే నీ కారు ఇంకా వేగంగా పోయేది. ఈ కాలాన్ని 1.074 తో భాగించు" అన్నాడట. భాగిస్తే 12.94 వచ్చింది. పదమూడు లోపు పరుగంటే ఆ కార్ల పిచ్చివాళ్లలో ఒక హోదా.

నేను కాలిక్యులేటరు తీసి భాగించాను. 12.94 వచ్చింది. "కరెక్టే అన్నయ్యా" అని జవాబిచ్చాను. ఆయన ఆ మాట పదిమందికీ చెప్పుకున్నాడు. "మా తమ్ముడు ఫిజిక్సు, వాడే లెక్క చూశాడు" అని కూడా చెప్పాడట.

భాగాహారం నిజంగా కరెక్టే. భౌతికశాస్త్రమే తప్పు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మిత్రులారా, ఈ వ్యాసం ఆ తప్పుకు దిద్దుబాటు.

ఇంజను ఊపిరి

మా పొలం కాలవ చివరన ఉంది. నీరు అందని రోజుల్లో ఆయిల్ ఇంజను పెట్టి తోడుకుంటాం. ఒకసారి నూర్పిళ్ల రోజుల్లో ఆ ఇంజను నల్లటి పొగ కక్కుతూ, లాగలేక మూలగడం మొదలుపెట్టింది. నేను డీజిలు అయిపోయిందనుకున్నాను. మా నాన్న దూరంనుంచి శబ్దం విని, "డీజిలు కాదురా, దానికి ఊపిరాడటం లేదు" అన్నాడు. గాలి ఫిల్టరు విప్పి చూస్తే లోపలంతా పొట్టు, దుమ్ము. కడిగి పెట్టగానే పొగ పోయింది, నీటి ధార పెరిగింది.

ఆనాడు మా నాన్న చెప్పిన ఆ ఒక్క మాటలోనే ఈ వ్యాసంలోని సగం విషయం ఉంది. ఇంజను సామర్థ్యం మనం పోసే ఇంధనంమీద మాత్రమే ఆధారపడదు. ఆ ఇంధనం దహనం కావడానికి కావలసిన ఆక్సిజన్ ఎంత లోపలికి పోతున్నదనే దానిమీద కూడా ఆధారపడుతుంది. పెట్రోలు ఇంజనులో ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇంధనం ఎక్కువ పోయడం సులభమే, పంపు పోస్తుంది. గాలిని లోపలికి తేవడమే కష్టం.

ఇంజను గాలిని ఘనపరిమాణంతో కొలిచి పీలుస్తుంది, మంటకు కావలసింది మాత్రం గాలి ద్రవ్యరాశి. రెండు లీటర్ల ఇంజను ప్రతి రెండు చుట్లకు రెండు లీటర్ల గాలి పీలుస్తుందనుకుందాం. నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు అది 6 ఘనపు మీటర్లవుతుంది. 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, సముద్రమట్టం దగ్గర ఆ గాలి తూకం దాదాపు 7 కిలోలు. దానితో 475 గ్రాముల పెట్రోలు మండించవచ్చు. అదే వేడిలో, అన్నయ్య కారు పరుగెత్తిన చోట ఆ 6 ఘనపు మీటర్ల తూకం 5.64 కిలోలే. మండించగలిగేది 384 గ్రాములే. గొట్టం అదే, సిలిండరు అదే, మింగిన గుక్క అదే. గుక్కలో సరుకు తగ్గింది.

ఆ స్థలం ఏది?

డెన్వర్‌ను అమెరికాలో 'మైలు ఎత్తు నగరం' అంటారు. అక్కడి రాష్ట్ర శాసనసభా భవనం మెట్లలో ఒక మెట్టుమీద సముద్రమట్టానికి సరిగ్గా ఒక మైలు ఎత్తు, అనగా 5,280 అడుగులు, అని గుర్తు పెట్టారు. నగరానికి పడమట, మారిసన్ దగ్గర, కొండ వాలుకు ఆనుకొని బాండిమేర్ స్పీడ్‌వే అనే పందెపు బాట ఉండేది. దాని ఎత్తు సుమారు 5,800 అడుగులు, అంటే దాదాపు 1,768 మీటర్లు. ఒక కుటుంబం 1958లో ప్రారంభించిన ఈ బాట 2023తో మూతపడింది. అన్నయ్య పరుగు ఆఖరి రోజుల్లో జరిగిందన్నమాట.

ప్రామాణిక వాతావరణ సూత్రం ప్రకారం ఆ ఎత్తులో గాలి పీడనం సుమారు 818 మిల్లీబార్లు. సముద్రమట్టం దగ్గర 1,013. అంటే 81 శాతం కన్న కొంచెం తక్కువ.

ఎత్తుతోపాటు వేడి కూడా గాలిని పల్చన చేస్తుంది. 15 డిగ్రీల వద్ద సముద్రమట్టపు గాలి ఘనపు మీటరుకు 1,225 గ్రాములు తూగుతుంది. ఆ సాయంత్రం అక్కడ 30 డిగ్రీల వేడి. లెక్క కడితే ఘనపు మీటరుకు 940 గ్రాములు. ప్రామాణిక వాతావరణంలో గాలి అంత పల్చబడాలంటే సుమారు 8,700 అడుగులు ఎక్కాలి. అంటే బాట 5,800 అడుగుల్లో ఉన్నా, ఇంజనుకు మాత్రం 8,700 అడుగుల కొండమీద ఉన్నట్టే. దీన్నే సాంద్రతా ఎత్తు అంటారు. విమానం నడిపేవారికీ, డ్రాగ్ పందెగాళ్లకూ ఇది నిత్యం కావలసిన సంఖ్య.

అయితే ఇకమీద మనం ఎత్తు ప్రభావాన్ని మాత్రమే విడదీసి చూద్దాం. రెండు చోట్లా వేడి 30 డిగ్రీలే అనుకుందాం. అప్పుడు కొండమీది గాలి సాంద్రత కిందిదానిలో 0.807 వంతు.

పావు మైలు గణితం

డ్రాగ్ పందెం చూడటానికి చాలా సాదా పందెం. నిటారు బాట, రెండు వరసలు, రెండు కార్లు. ఆగి ఉన్న చోటునుంచి మొదలుపెట్టి పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వారిది గెలుపు. మొదట్లో 'క్రిస్మస్ ట్రీ' అనే దీపాల స్తంభం ఉంటుంది. పసుపు దీపాల తరువాత పచ్చ దీపం. టైరు కాంతి కిరణాన్ని విడిచిన క్షణంనుంచి గడియారం నడుస్తుంది. కాబట్టి డ్రైవరు ఆలస్యంగా కదిలినా కారుకు పట్టిన కాలం మారదు.

సామర్థ్యం తగ్గితే కాలం ఎంత పెరుగుతుంది? ఇది ఇంటర్మీడియట్ చదివినవారెవరైనా చేయదగిన లెక్కే.

ఇంజను సామర్థ్యం స్థిరంగా ఉన్నదనీ, అదంతా కారు వేగాన్ని పెంచడానికే ఖర్చవుతున్నదనీ అనుకుందాం. అప్పుడు కారు గతిజశక్తి కాలానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. గతిజశక్తి వేగం వర్గానికి అనులోమం. కనుక వేగం కాలం వర్గమూలానికి అనులోమం. వేగాన్ని కాలంతో సమాకలనం చేస్తే దూరం వస్తుంది. ఆ దూరం సామర్థ్యపు వర్గమూలాన్నీ, కాలపు మూడు బై రెండవ ఘాతాన్నీ గుణించిన లబ్ధానికి అనులోమం. దూరం 402 మీటర్లుగా స్థిరం. కాబట్టి కాలం సామర్థ్యపు ఘనమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది.

ఘనమూలం కావడం వలన కాలం చాలా మొండిది. పరుగు కాలం సగం కావాలంటే సామర్థ్యం ఎనిమిది రెట్లు కావాలి. అలాగే సామర్థ్యం 19 శాతం తగ్గినా కాలం పెరిగేది 7.4 శాతమే. అన్నయ్య స్నేహితుడు చెప్పిన 1.074 ఈ లెక్కనుంచి వచ్చిందే. 0.807 ఘనమూలం తీసి తలక్రిందులు చేయండి, అదే వస్తుంది.

మామూలు ఇంజను విషయంలో ఈ దిద్దుబాటు న్యాయమైనదే. నిజానికి ఇంజనులోని రాపిడి కొండమీద తగ్గదు కాబట్టి నష్టం ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. అందుకే ఎత్తయిన ప్రదేశాల్లోని పందెపు బాటలకు నిర్వాహకులు దిద్దుబాటు గుణకాలు వాడడం ఆచారమైంది.

మరి నా తప్పు ఎక్కడ? అది మామూలు ఇంజను కాదు. టర్బో ఇంజను.

టర్బో కొండమీదే రుజువయింది

ఇంజను వదిలేసే వేడి పొగలో ఇంకా చాలా శక్తి మిగిలి ఉంటుంది. ఆ పొగతో ఒక చిన్న టర్బైన్‌ను తిప్పి, అదే ఇరుసుకు రెండవవైపునున్న కంప్రెసర్‌తో గాలిని ఇంజనులోకి కూరడమే టర్బోచార్జర్ పని. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో ఈ ఆలోచనకు పేటెంటు పొందాడు.

కొండగాలికి దీన్ని మందుగా వాడవచ్చని చూపించిన ప్రయోగం, అన్నయ్య కారు పరుగెత్తిన ఆ కొలరాడో రాష్ట్రంలోనే జరిగింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విమానాలు పైకి పోయేకొద్దీ ఇంజన్లు నీరసించేవి. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు 1918లో లిబర్టీ విమాన ఇంజనును పైక్స్ పీక్ శిఖరంమీదికి, 14,000 అడుగులకు పైగా ఎత్తుకు, చేర్పించి పరీక్షించాడు. కింద సుమారు 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజను శిఖరంమీద దాదాపు 230 మాత్రమే ఇచ్చింది. టర్బో తగిలించేసరికి 356కు చేరింది. కొండ తీసుకున్నదంతా టర్బో తిరిగి ఇప్పించింది.

కార్లలోకి టర్బో తరువాత వచ్చింది. 1980ల్లో అమెరికా డ్రాగ్ బాటలమీద పేరు మోగిన కారు బ్యూయిక్ గ్రాండ్ నేషనల్. 1987 నమూనాలో 3.8 లీటర్ల, ఆరు సిలిండర్ల టర్బో ఇంజను 245 హార్స్‌పవర్ ఇచ్చేది. ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్లవాళ్లను అది కంగారు పెట్టింది.

మరి కొండ తీసుకున్నదాన్ని టర్బో తిరిగి ఇప్పించగలిగితే, కొండమీద పరుగెత్తిన టర్బో కారుకు మామూలు ఇంజను దిద్దుబాటు ఇవ్వడమేమిటి? పోనిదాన్ని పోయిందని చూపించి పరిహారం తీసుకున్నట్టు కదూ? నేను ఇక్కడే బోల్తా పడ్డాను.

సెమినారులో ఒక ప్రశ్న

ఏడాది తరువాత, రెండవ సంవత్సరంలో, మా తరగతి సెమినారులో నేను ఈ విషయంమీదే మాట్లాడాను. అప్పటికి నా తప్పు సగం తెలిసింది. సగం తెలియడం మరింత ప్రమాదం. "టర్బో ఇంజనుకు ఎత్తుతో నిమిత్తం లేదు" అని గంభీరంగా చెప్పాను. వెనక బెంచీలో కూర్చున్న మాస్టారు లేచి, "మంచిది. మరి ఆ గాలి ఉచితంగా వచ్చిందా నాయనా?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. "బూస్ట్ గేజి చూపించే అంకె దేనితో పోల్చి చెబుతుంది? ముందు అది చూసుకో" అని కూర్చున్నారు.

ఆ రాత్రి కూర్చుని లెక్క మళ్లీ మొదటినుంచి వేశాను.

బూస్ట్ గేజి బయటి గాలికంటే లోపల ఎంత ఎక్కువ పీడనం ఉందో మాత్రమే చెబుతుంది. దాన్ని గేజి పీడనం అంటాం. సిలిండరుకు కావలసింది పరమ పీడనం, అంటే బయటి పీడనం, బూస్టు కలిపిన మొత్తం. సముద్రమట్టం దగ్గర బయటి పీడనం చదరపు అంగుళానికి 14.7 పౌన్లు. బూస్టు 10 అనుకుంటే మొత్తం 24.7. బాండిమేర్ ఎత్తులో బయటిది 11.9. బూస్టు అదే 10 అయితే మొత్తం 21.9. గేజి ముల్లు రెండు చోట్లా 10 మీదే నిలబడుతుంది. కాని లోపల గాలి పీడనం 89 శాతానికి పడిపోయింది. ముల్లు అబద్ధం చెప్పలేదు, మనమే దాన్ని అడగవలసింది అడగలేదు.

స్ప్రింగు బలంతో తెరుచుకునే పాతరకపు వేస్ట్‌గేట్ ఉంటే ఇలాగే జరుగుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పరమ పీడనాన్ని కొలిచి నడిపే కార్లలో కంప్యూటరు బూస్టును 12.8కి పెంచి మొత్తాన్ని 24.7 దగ్గరే నిలపడానికి చూస్తుంది. టర్బోకు ఇంకా సత్తువ ఉంటే నిలుపుతుంది.

ఉచితంగా రాని గాలి

ఇక మాస్టారి ప్రశ్నకు వద్దాం. సైకిలుకు గాలి కొట్టినవారికి తెలుసు, నాలుగు దెబ్బలు వేసేసరికి పంపు అడుగుభాగం చెయ్యి కాలేటంత వేడెక్కుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఎంత ఎక్కువ రెట్లు నొక్కితే అంత వేడి.

సముద్రమట్టం దగ్గర మన ఉదాహరణలోని కంప్రెసర్ గాలిని 1.68 రెట్లు నొక్కితే చాలు. కొండమీద అదే పరమ పీడనానికి 2.08 రెట్లు నొక్కాలి. కంప్రెసర్ దక్షత 70 శాతం అనుకొని స్థిరోష్ణక సూత్రంతో లెక్క కడితే, కింద 30 డిగ్రీల గాలి 99 డిగ్రీలకు చేరుతుంది. కొండమీద 131 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి వ్యాకోచిస్తుంది, అంటే మళ్లీ పల్చబడుతుంది. సంపాదించినదాంట్లో కొంత ఇక్కడ జారిపోతుంది. దీన్ని తగ్గించడానికే ఇంటర్‌కూలర్ అనే చల్లార్చే పెట్టె. కొత్తగా ఎక్కిన వేడిలో 70 శాతం అది తీసేస్తుందనుకుంటే, గాలి కింద 51 డిగ్రీలకూ, కొండమీద 60 డిగ్రీలకూ చల్లారుతుంది. కొండమీద దాన్ని చల్లార్చవలసిన బయటి గాలి కూడా పల్చనిదే కాబట్టి నిజంలో అంతకూడా చల్లారకపోవచ్చు.

ఈ లెక్కలన్నీ కలిపి, సముద్రమట్టం దగ్గర సరిగ్గా 13.00 సెకన్లలో పరుగు ముగించే మూడు కార్లను తీసుకుందాం. 5,800 అడుగుల ఎత్తులో వాటి గతి ఇది:

టర్బో లేని కారు: సామర్థ్యం 80.7 శాతం, కాలం 13.96 సెకన్లు.

గేజి బూస్టు మారని టర్బో కారు: సామర్థ్యం 87.4 శాతం, కాలం 13.60 సెకన్లు.

పరమ పీడనం నిలబెట్టుకున్న టర్బో కారు: సామర్థ్యం 97.2 శాతం, కాలం 13.12 సెకన్లు.

చూశారా? టర్బో కారుకు ఎత్తుతో నిమిత్తం లేదన్నదీ తప్పే. మామూలు కారంత నష్టం ఉందన్నదీ తప్పే. నిజం ఆ రెండింటి మధ్య, కారుకొక చోట ఉంది.

లెక్కకు లొంగని సంగతులు ఇంకా నాలుగున్నాయి.

మొదటిది, కదిలే క్షణం. పచ్చ దీపం వెలిగినప్పుడు టర్బో ఇంకా పూర్తిగా తిరగడం మొదలుపెట్టదు. పొగ వేగం పెరిగితేగాని టర్బైన్ తిరగదు, టర్బైన్ తిరిగితేగాని గాలి రాదు, గాలి వస్తేగాని పొగ పెరగదు. బూస్టు వచ్చేదాకా అది కూడా మామూలు ఇంజనే, కొండగాలి పీల్చే మామూలు ఇంజనే. కాబట్టి మొదటి అరవై అడుగుల్లో కొండ తన పన్ను వసూలు చేసుకుంటుంది.

రెండవది, టర్బో ఓపిక. అంతే ద్రవ్యరాశి గాలి అందించాలంటే కొండమీద కంప్రెసర్ 1.24 రెట్లు ఎక్కువ ఘనపరిమాణం మింగాలి, మరింత వేగంగా తిరగాలి. బయటి పీడనం తక్కువ కాబట్టి పొగ తేలిగ్గా వెళ్లిపోయి టర్బైన్‌కు కొంత సాయం చేస్తుంది. అయినా కిందనే హద్దుల్లో పనిచేస్తున్న చిన్న టర్బో అయితే కొండమీద చేతులెత్తేస్తుంది.

మూడవది, పెట్రోలు. అమెరికా కొండ రాష్ట్రాల బంకుల్లో 85 ఆక్టేను పెట్రోలును మామూలు రకంగా అమ్ముతారు. ఇతర చోట్ల మామూలు రకం 87. (ఇవి అమెరికా పద్ధతి అంకెలు, మన దేశపు బంకుల అంకెలతో పోల్చరాదు.) పల్చని గాలి పీల్చే పాత ఇంజన్లలో పీడనం తక్కువ కాబట్టి తక్కువ ఆక్టేనుతో సరిపోయేది. కాని టర్బో కారు లోపల సముద్రమట్టపు పీడనాన్నే తిరిగి తెచ్చుకుంటుంది, పైగా ఎక్కువ వేడితో. దానికి ఆ పెట్రోలు పోస్తే ఇంధనం వేళకు ముందే భగ్గున అంటుకొని ఇంజను 'నాకింగ్' చేస్తుంది. కంప్యూటరు దాన్ని కనిపెట్టి సామర్థ్యం తగ్గిస్తుంది. తగ్గించలేకపోతే పిస్టన్లు పోతాయి.

నాలుగవది మాత్రం కొండ ఇచ్చే కానుక. పల్చని గాలి కారును అడ్డగించడం కూడా తక్కువే. గంటకు 177 కిలోమీటర్ల వేగంలో ఒక మామూలు కారు గాలిని చీల్చుకుపోవడానికి ప్రామాణిక సముద్రమట్టపు గాలిలో సుమారు 51 కిలోవాట్లు ఖర్చవుతుంది. ఆ సాయంత్రపు బాండిమేర్ గాలిలో 39 చాలు. మిగిలిన 12 కిలోవాట్లు, అంటే 16 హార్స్‌పవర్, గీత దాటే ముందు కారుకు లాభం. సామర్థ్యం నిలబెట్టుకున్న టర్బో కారుకు ఇది ఉచితమే. మాస్టారికి చెప్పదగిన ఉచితం ఇదొక్కటే దొరికింది.

ఎవరికి ఎంత దిద్దుబాటు?

దిద్దుబాటు గుణకం దయ కాదు, న్యాయం. పోయినదాన్ని లెక్కలో తిరిగి ఇవ్వడం. కనుక ఏది పోయిందో, ఎంత పోయిందో ముందు కొలవాలి. టర్బో లేని కారుకు 1.074 హక్కు. టర్బో కారుకు, దాని బూస్టు ఎలా నడుస్తున్నదో చూసి, 1.01 నుంచి 1.05 దాకా. అంతకుమించి అడిగితే అది కారు పరుగు కాదు, కాగితం పరుగు.

ఇది రాస్తుంటే నాకు నేనే గుర్తుకు వచ్చాను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇక్కడికి వచ్చినవాణ్ణి. మొదటి సంవత్సరం ఇంగ్లీషు పాఠాలు అర్థంగాక మార్కులు తగ్గినప్పుడు, "నాది తెలుగు మీడియం" అని చెప్పుకోవడంలో నిజం ఉంది. నాకు నిజంగానే ఊపిరాడలేదు. రెండో సంవత్సరానికి మాటలు అలవాటయ్యాయి, పుస్తకాలు చదవడం వచ్చింది. అయినా ఒక పేపరులో మార్కులు తక్కువ వస్తే ఇంట్లో మళ్లీ ఆ మాటే చెప్పాను. నిజానికి ఆ పేపరుకు నేను చదవలేదు. అది 1.01 దగ్గర 1.074 అడగడమే.

అన్నయ్యకు ఏం చెప్పాను

లెక్క తేలాక వారం రోజులు ఊరుకున్నాను. అన్నయ్య కారు 13.90 ని ఈ లెక్కల ప్రకారం దిద్దితే 13.29 కీ 13.77 కీ మధ్య వస్తుంది. ఎలా చూసినా పన్నెండు కాదు. ఫీజు కట్టే అన్నయ్యకు, ఆయన పదిమందికీ చెప్పుకున్న మాట తప్పని చెప్పడమెలా? చెప్పకపోతే నా పేరుమీద ఆ తప్పు అలా తిరుగుతూనే ఉంటుంది. చివరకు ధైర్యం చేసి, "అన్నయ్యా, అప్పుడు నేను భాగాహారం మాత్రమే చూశాను. తప్పు నాదే" అని రాశాను. రెండు రోజులు జవాబు లేదు. మూడోనాడు, "లెక్క మొత్తం రాసి పంపరా" అని వచ్చింది. తొమ్మిది పేజీలు ఫొటోలు తీసి పంపాను.

ఆయన తరువాత ఉద్యోగం మారి టెక్సస్ రాష్ట్రంలోని డాలస్‌కు వెళ్లాడు. మనవాళ్లు చాలామంది ఉన్న ఊరు. దానికి దగ్గరలోనే ఎన్నిస్ అనే చోట టెక్సస్ మోటార్‌ప్లెక్స్ అనే డ్రాగ్ బాట ఉంది. ఎత్తు వెయ్యి అడుగులకు లోపే. 2025 వసంతంలో అదే కారును అక్కడ పరుగెత్తించి చీటీ ఫొటో పంపాడు. 13.52 సెకన్లు. నేను చెప్పిన రెండు అంకెలకూ సరిగ్గా మధ్యన.

కింద ఒక్క వాక్యం రాశాడు: "పన్నెండు కాలేదు గానీ, ఈసారి దీన్ని దేనితోనూ భాగించక్కర్లేదురా."

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ కథంతా మా నాన్నకు చెప్పాను. పీడనం, బూస్టు, ఘనమూలం అన్నీ ఓపికగా విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు: "అదంతా సరేగాని, వాడు ఆ కారు ఫిల్టరు కడిగించాడా?"